మూడు కాళ్ళ మేక

మా కాలనీలో 'అన్‌ఫిట్' అన్నది మంచి మాట. వేరే ఊళ్ళలో ఒక మనిషి ఇక పనికి పనికిరాడని డాక్టరు చెబితే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. మా బొగ్గు బాయిల దగ్గర మిఠాయి పంచుతారు. గనిలో పనిచేసే మనిషి ఆరోగ్యం పూర్తిగా చెడిందని మెడికల్ బోర్డు తేలిస్తే అతని ఉద్యోగం కొడుక్కో అల్లుడికో వస్తుందన్న ఆశ ప్రతి ఇంట్లో ఉంటుంది. అందుకే మా దగ్గర ఎవరైనా గట్టిగా దగ్గితే పక్కింటివాళ్ళు "అయ్యో" అనే ముందు ఒక్క క్షణం ఆగి, ఆ దగ్గు అసలుదా నకిలీదా అని ముఖంలోకి చూస్తారు.

నేనూ అలా చూసేదాన్నే. అందరికంటే కాస్త ఎక్కువే చూసేదాన్ని. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూడందే గిన్నె లోపలికి తీసుకుపోను. కూరగాయలు తూస్తుంటే నా చూపు కాటా మీద ఉండదు, అమ్మేవాడి చిటికెనవేలి మీద ఉంటుంది. నేను పనిచేసే అంగన్‌వాడీలో ఏ పిల్ల కడుపునొప్పి అన్నా ముందు నాలుక చాపమంటాను. అనుమానం పెనుభూతం అంటూ మా ఆయన నన్ను ఏడిపించేవాడు. "నువ్వు పోలీసుల ఉండాల్సినదానివి, ఉత్తగ అంగన్‌వాడీల పడ్డవ్" అనేవాడు.

ఆయనది గని లోపల పంపు పని. బొగ్గు తవ్వుతూ పోయినకొద్దీ నేలలోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు పైకి తోడకపోతే దిగువన పనిచేసేవాళ్ళ దారి మునిగిపోతుంది. షిఫ్టు పొడుగునా పంపు దగ్గర ఒంటరిగా కూర్చుని, ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో, నీళ్ళు ఏ గుర్తు దాటితే కిందివాళ్ళకు ఫోన్ చేయాలో మరిచిపోకుండా చూసుకోవాలి. అందులో బలంతో పనిలేదని, యాది ఉంటే చాలని ఆయనే చెప్పేవాడు.

ఒక ఎండాకాలం ఇచ్చోడలో ఉన్న మా చెల్లెలి ఇంటికి బైకు మీద పోయి ఒక్కడే తిరిగి వస్తుండగా, హైవే మీద బర్రె అడ్డం వచ్చింది. తలకు దెబ్బ తగిలింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేశారు. మాట వచ్చింది, నడక వచ్చింది. గొరిగిన వెంట్రుకలు మళ్ళీ మొలిచి కుట్ల మచ్చను కూడా కప్పేశాయి. ఆయన గడప మీద కూర్చుని పేపరు చదువుతుంటే, ఈ మనిషి నాలుగు నెలల కింద చావును చూసి వచ్చాడని ఎవరూ అనుకోరు. మళ్ళీ డ్యూటీలోకి పోయే ముందు మాత్రం ఇంకో పరీక్ష ఉందన్నారు. అది స్కానింగ్ కాదు. ఒక మేడం ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతుందట, బొమ్మలు చూపిస్తుందట, గీతలు గీయిస్తుందట. ఎంత గుర్తుంటుంది, ఎంత తొందరగా ఆలోచిస్తాడు, మనసు ఎలా ఉంది అన్నవి చూసి, ఈ మనిషి తిరిగి ఆ పని చేయగలడా లేదా ముందుగానే చెబుతుందట. చిలక జోస్యానికీ దీనికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. పైగా ఆ మేడం ఎవరి మనిషో, ఎవరికి లాభమయ్యే మాట రాస్తుందో మనకేం తెలుసు?

పరీక్ష సంగతి బయటికి పొక్కగానే పక్క లైనులో ఉండే పెద్దాయన వచ్చాడు. నడుమునొప్పి మీద అన్‌ఫిట్ అయ్యి కొడుకును ఉద్యోగంలో పెట్టుకున్న మనిషి ఆయన. ఆ నడుముతోనే పొద్దున్నే సైకిల్ మీద గడ్డిమోపు తెస్తాడు. సాయంత్రం తన క్వార్టరు ముందున్న సిమెంటు బల్ల మీద కూర్చుని, బోర్డుకు పోయేవాళ్ళకు పాఠాలు చెబుతాడు. పైసా తీసుకోడు. అదే నాకు మొదట నచ్చలేదు. ఊరికే చెప్పేవాడి దగ్గర ఏదో ఒక మతలబు ఉంటుంది.

"చూడు తమ్మీ, మొత్తం పిచ్చోనోలె చెయ్యకు. దొరుకుతవ్" అని మా ఆయన భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. "మేకకు ఎన్ని కాళ్ళు అని అడుగుతరు. నాలుగు అంటే ఫిట్టు. పది అంటే నాటకం. నువ్వు మూడు అను. గంతే. జవాబు జర పక్క పొంటి పోవాలె."

"బొమ్మలు చూపిస్తరంట గదా?" అని మా ఆయన అడిగాడు.

"చూపిస్తరు. ఇంక జరసేపటికి రెండు బొమ్మలు పెట్టి ఇందుల నువ్వు ముందు చూసిందేది అంటరు. చూసినదాన్ని ఇడిసిపెట్టి ఇంకోటి ముట్టు. అన్నీ గట్లనే ముట్టు. ఫికర్ లేదు."

మా ఆయన తలూపాడు. నేను లోపల బియ్యం ఏరుతూ వింటున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడి కథ అందరికీ తెలిసిందే. ఈ పెద్దాయన మేకను కూడా వదల్లేదు. ఆయన ఇదే పాఠం ఎంతమందికి చెప్పాడో అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. అన్నీ అనుమానించే నాకు ఆ ఒక్క అనుమానం ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు.

నాకు అప్పుడు వేరే అనుమానం ఉండింది. అది నా కొడుకు మీద. వాడు డిప్లొమా చదివి మెట్‌పల్లిలో ఎరువుల దుకాణంలో పనిచేస్తున్నాడు. అదివరకు పండుగకో పబ్బానికో ఇంటికి వచ్చేవాడు. తండ్రికి దెబ్బ తగిలినప్పటి నుంచి ప్రతి ఆదివారం వస్తున్నాడు. వచ్చి తండ్రి పక్కన కూర్చుంటాడు. పాత ముచ్చట్లు అడుగుతాడు. గోళ్ళు తీస్తాడు. సొంత కొడుకు తండ్రి గోళ్ళు తీస్తుంటే సంతోషపడాల్సింది పోయి, ఇంత ప్రేమ ఉన్నట్టుండి ఎక్కడినుంచి ఊడిపడిందా అని నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. వాడి వయసు పిల్లలందరూ తండ్రుల ఉద్యోగాల మీద కన్ను వేసి కూర్చున్న కాలనీ ఇది. నా కడుపున పుట్టినంత మాత్రాన వాడు వేరే అవుతాడా?

ఇక మా ఆయన మీద అనుమానం సరేసరి. ఒకరోజు నల్లా కింద బకెట్ నిండి నీళ్ళు పారుతున్నాయి. ఆయన పక్కనే నిలబడి ఆ నీళ్ళను చూస్తున్నాడు. నల్లా కట్టడం ఎలాగో తెలియని మనిషిలా చేతులు వేలాడేసి ఉన్నాడు. నేను గాబరాగా పరుగెత్తుకు పోయాను. ఆయన ఉలిక్కిపడి, నా ముఖం చూసి, నవ్వాడు.

"ప్రాక్టీసు చేస్తున్ననే. ఎట్లున్నది?" అన్నాడు.

ఇంకోరోజు అంగీ గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. అడిగితే ప్రాక్టీసు అన్నాడు. మా చెల్లెలికి ఫోన్ చేసి, రెండు మాటలు మాట్లాడి, "నువ్వెవరు?" అని అడిగాడు. అదీ ప్రాక్టీసే. నాకు కోపం వచ్చి తిట్టాను. ఇంట్లో ఎందుకీ వేషాలు, బోర్డు ముందు వేసుకో అన్నాను. ఆయన సరే సరే అంటూ నవ్వేవాడు. ఏది వేషమో ఏది నిజమో విడదీయడం నాకు రోజూ పెద్ద పని అయిపోయింది. రాళ్ళూ బియ్యమూ ఒకే రంగులో ఉంటే ఎంతసేపని ఏరుతాం?

కాలనీ ఆడవాళ్ళు కొండగట్టుకు తీసుకుపొమ్మన్నారు. మతి చెదిరినవాళ్ళను అంజన్న దగ్గర కొన్నాళ్ళు ఉంచితే నయమవుతుందని మా ప్రాంతంలో నమ్మకం. నాకూ నమ్మకమే. తీసుకుపోయాను. కొండ మీద చెట్టు నీడలో కూర్చుంటే పక్కన ఇంకో ఆమె తన మరిదిని పట్టుకుని ఉంది. అతను తనలో తాను గొణుక్కుంటున్నాడు. ఆమె మా ఆయనను ఎగాదిగా చూసి, నా చెవి దగ్గరికి వంగి, "మీ ఆయనకు బోర్డు ఎప్పుడక్కా?" అని అడిగింది. దేవుడి ముందు కూడా మా బతుకు ఇదేనా అని ఒళ్ళు మండింది. కానీ వెంటనే, ఆమె మరిది గొణుగుడు అసలుదేనా అని నేనూ చూశాను.

పరీక్ష రోజు పొద్దున్నే బస్సెక్కి కరీంనగర్ పోయాం. ఆస్పత్రిలో చిన్న గది. మేడం వయసు ముప్పై దాటి ఉండదు. గట్టిగా నవ్వదు, గట్టిగా మాట్లాడదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకమని చూడగానే తెలిసిపోయింది. నోరు మెదపకూడదన్న షరతు మీద నన్ను వెనక కుర్చీలో కూర్చోనిచ్చింది.

ముందు తేలిక ప్రశ్నలు అడిగింది. ఆ వరుసలోనే మేక వచ్చింది. మా ఆయన పైకప్పు చూసి, కాస్త ఆలోచించినట్టు పెట్టి, "మూడు" అన్నాడు. మేడం పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత బొమ్మలు. గొడుగు, తాళంచెవి, కోడి, అలాంటివి ఒక్కొక్కటే చూపించింది. కాసేపటికి రెండేసి ముందు పెట్టి, ఇందాక చూసిందేదో వేలు పెట్టమంది. గొడుగు చూశాడు, పక్కనున్న గంట మీద వేలు పెట్టాడు. కోడి చూశాడు, పిల్లి మీద వేలు పెట్టాడు. ఒక్కటీ సరిగ్గా ముట్టలేదు. పాఠం బాగానే ఒంటబట్టిందని నేను లోపల అనుకున్నాను.

ఆ తర్వాత కష్టమైనవి వచ్చాయి. మేడం కొన్ని మాటలు చదివి వినిపించి, వేరే పని చేయించి, మళ్ళీ ఆ మాటలు చెప్పమంది. మా ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెలనూ అక్షరాలనూ ఒకదాని తర్వాత ఒకటి గీతతో కలపమంది. పెన్సిలు రెండు మూడు చోట్లకు పోయి నిలిచిపోయింది. ఆయన మెడ వెనక చెమట పట్టింది. నేను వెనక నుంచి చూస్తూ, ఈయనకు ఇంత నటన ఎక్కడినుంచి వచ్చిందిరా దేవుడా అని ఆశ్చర్యపోయాను. చెమట కూడా తెప్పించుకుంటున్నాడే అని మెచ్చుకున్నాను కూడా.

అంతా అయ్యాక ఆయనను బయట కూర్చోబెట్టి మేడం నాతో మాట్లాడింది. ఆయన ఇంట్లో ఎలా ఉంటాడని ముందుగా అడుగుతుందనుకున్నాను.

"మీ ఇంట్లో ఉద్యోగం లేనివాళ్ళు ఎవరున్నారమ్మా?" అని అడిగింది.

నా ముఖం ఎర్రబడింది. కొడుకున్నాడన్నాను.

"మీ కాలనీలో మేకలన్నిటికీ మూడు కాళ్ళేనా?" అంది. "మీ వైపు నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ నాకు మూడనే చెబుతారు. ఒకరు రెండనరు, ఒకరు అయిదనరు. తలకు దెబ్బ తగిలినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా తప్పుతారమ్మా. అందరూ ఒకేలా తప్పరు."

తర్వాత బొమ్మల సంగతి చెప్పింది. ఏమీ గుర్తులేని మనిషి కళ్ళు మూసుకుని వేలు పెట్టినా సగం సరిగ్గా తగులుతాయట. అన్నీ తప్పు ముట్టాలంటే అన్నీ గుర్తుండాలట. దొంగ జవాబులు చెప్పేవాళ్ళను పట్టుకోవడానికే ఆ పరీక్ష పెట్టారట.

"మరి వెనకాల అడిగినయి?" అన్నాను.

"మొదటి పరీక్షలోనే ఇలా చేసిన మనిషి, వెనకటివాటిలో నిజంగా ప్రయత్నించాడని నేనెలా నమ్మాలి? ఆయన కావాలనే తప్పులు చెప్పారని రాస్తాను. పనికి పనికిరాడని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు" అంది.

వేరే ఎవరైనా అయితే ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయేవారు. నాకు మాత్రం లేచి ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది. నా మొగుడు దొంగ అంటోంది. అంటే నా మొగుడు బాగున్నాడు! నల్లా దగ్గర చూసింది, గుండీలు, ఫోను, అన్నీ ఉత్త వేషాలే. నెలల తరబడి నా కడుపులో ఉన్న రాయిని ఆ పిల్ల ఒక్క మాటతో తీసి బయట పడేసింది. బస్టాండులో మిర్చిబజ్జీలు కొన్నాను. బస్సులో ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. అలా నిద్రపోయి ఎంతకాలమైందో.

ఆ ఆదివారం కొడుక్కు చెప్పాను. వాడి ముఖం మాడిపోయింది. తర్వాత మెల్లగా అడిగాడు.

"అవ్వా, బాపు నిజంగ నాటకమే ఆడిండంటవా?"

"ఏం, నౌకరి పోయిందని పానం కొట్టుకుంటుందా?" అన్నాను.

వాడు నా వైపు ఒకసారి చూసి, అన్నం ముందు నుంచి లేచిపోయాడు. పోతే పోనీ అనుకున్నాను. నిజం అంటే అందరికీ కోపమే.

వచ్చే సోమవారం మొదటి షిఫ్టుకు రమ్మని కబురు వచ్చింది. పక్క లైను పెద్దాయన మండిపడుతూ వచ్చాడు. "నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్ తమ్మీ?" అని గట్టిగా అడిగాడు. మా ఆయన జవాబు చెప్పకుండా ముందు నా ముఖం చూశాడు. నేను నవ్వుతున్నాను కాబట్టి తనూ నవ్వాడు. పెద్దాయన ఇంకేదో అడిగాడు. మళ్ళీ నా ముఖమే చూశాడు. చూచిరాతలో పిల్లలు పక్కవాడి పలక చూసినట్టుంది అది. నా దగ్గర అంగన్‌వాడీలో అలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు. ఏ ప్రశ్నకైనా జవాబు తెలియకపోతే టీచరు ముఖంలో వెతుక్కుంటారు.

ఆ మేడం నాకు తెలియకుండానే ఒక విద్య నేర్పింది. దొంగ జవాబును పట్టుకోవడానికి దొంగ ప్రశ్న వేయాలి. శనివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఆకు చుట్టి ఆయన చేతికిస్తూ, మామూలుగా అన్నాను.

"మన పెండ్లినాడు ఎంత వాన పడ్డదయ్యా. పందిరి సుత కూలె. యాదికున్నదా?"

మా పెళ్ళి మండు వేసవిలో జరిగింది. చుక్క వాన పడలేదు. ఆయన బాగుంటే, "నీకేమన్న పిచ్చా, ఎండకు బాజాలోడు సొమ్మసిల్లి పడలేదా?" అని నా మీద లేవాలి. వేషం వేస్తుంటే, యాదికి లేదని తల గోక్కోవాలి. ఈ రెండిట్లో ఏదో ఒకటి అవుతుందని నేను ఎదురుచూస్తున్నాను.

ఆయన నా ముఖం చూశాడు. నా నవ్వు చూశాడు.

"ఎందుకు లేదు? మస్తు వాన. మా బాపు ముద్దగ తడిసిండు గదా" అన్నాడు.

మా మామ నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందే పోయాడు. మా పెళ్ళిలో ఆయన ఫోటోకు దండ వేశాం.

నా చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. నేను వేసిన ఉచ్చులో పడ్డది నా మొగుడు. ఆ ఉచ్చు వేయకుండా ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. నా ముఖం మారడం చూసి ఆయన భయపడ్డాడు. "ప్రాక్టీసు..." అనబోయాడు.

"వద్దు. ఆ మాట ఇంకోసారి అనకు. నా తోడు, నిజం చెప్పు" అన్నాను.

గోడ వైపు తిరిగాడు. చివరికి చెప్పాడు. "మేకకు నాలుగు కాళ్ళని నాకు ఎరుకనే. మూడు అనుమన్నరు, గట్లనే అన్న. బొమ్మలు సుత గంతే. గానీ వెనకాల అడిగినయి నాకు నిజంగనే రాలేదే. ఎంత కొట్టుకున్నా రాలే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? ఏదన్న తప్పు చేస్తే ప్రాక్టీసు అంటే నువ్వు తిట్టి ఊకుంటున్నవ్. నిజమంటే ఏడుస్తవ్. ఆ మేడం నాటకమని రాసిందని చెప్పినవ్ గదా, గంత సదువుకున్నామె చెప్పినంక నేను సుత నిజమే అనుకున్న. నాటకమే ఆడుతున్ననేమో, నాకే తెలుస్తలేదేమో అనుకున్న. బాయిల దిగి పంపు కాడ కూసుంటే అన్నీ అవే యాదికస్తయనుకున్న."

"యాదికి రాకపోతే? కింద మనుషులుంటరు గదయ్యా."

ఆయన చిన్నపిల్లాడిలా నా చీర కొంగు అంచు పట్టుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భయమే ఉంది. ఎల్లుండి పొద్దున ఈ మనిషి ఒక్కడే ఆ చీకట్లో పంపు ముందు కూర్చుంటాడు. నల్లా దగ్గర నిలబడ్డట్టే నీళ్ళను చూస్తూ నిలబడతాడు. అక్కడ ఉలిక్కిపడేలా చేయడానికి నేనుండను.

మేడంకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆమె ఓపికగానే విన్నది.

"రిపోర్టు పంపాక ఇలాంటి ఫోన్లు నాకు చాలా వస్తాయమ్మా. పెళ్ళినాటి వాన అన్నది కొత్తగా ఉంది, అంతే" అంది.

"నా కొడుక్కు నౌకరి వద్దు మేడం. కాగితం మీద రాసిస్త. ఈయనను మాత్రం దింపకుంట చూడుర్రి."

ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. కానీ, అవే ప్రశ్నలు వెంటనే మళ్ళీ అడిగితే ఆ ఫలితం చెల్లదని, కొన్ని నెలలు ఆగాలని, డ్యూటీ సంగతి తన చేతిలో లేదని చెప్పింది. ఆమె తప్పేముంది? మా కాలనీ మొత్తం కలిసి ఆమెకు అబద్ధం నేర్పితే, నా ఒక్కదాని నిజం ఆమె ఎలా గుర్తుపడుతుంది?

ఆ ఆదివారం కొడుకు ఇంటికి రాలేదు, నా మాటకు అలిగాడనుకున్నాను. సోమవారం పొద్దున ఆయన వెంట నేనూ గని దాకా పోయాను. ఆడవాళ్ళు అలా వెంట రావడం మా దగ్గర ఎవరూ చూడలేదు. టోపీ దీపాలు ఇచ్చే గది ముందు షిఫ్టువాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. ఆయనను చూసి అరుస్తూ వచ్చి కౌగిలించుకున్నారు. దీపం తీసుకోమని ఒకతను చెయ్యి చాపాడు. మా ఆయన తీసుకోలేదు.

"నేను దిగను తమ్మీ. నాకు యాదికి ఉంటలేదు" అన్నాడు. గట్టిగానే అన్నాడు, అందరికీ వినిపించేలా.

నవ్వులు లేచాయి. "శబాష్ అన్న! గిప్పుడు మంచిగ చేస్తున్నవ్" అని ఒకడు వీపు చరిచాడు. "గిదే ఆ మేడం ముంగట చేసుంటే మీ పిలగాడు ఈ పాటికి మాతోని ఉంటుండె" అన్నాడు ఇంకొకడు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. అందరూ మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళే. మా ఆయన వాళ్ళ మధ్య నిలబడి ఒక్కొక్కరి ముఖమూ చూస్తున్నాడు. జవాబు ఎక్కడా దొరకడం లేదు.

కింద పనిచేసేవాళ్ళను నడిపించే సర్దార్ అప్పుడు బయటికి వచ్చాడు. మా ఆయనకంటే చిన్నవాడు, నన్ను వదినె అంటాడు. నేను అతన్ని పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను నన్ను అదోలా చూశాడు.

"వదినె, ఏమనుకోకు. మీ పిలగాడు సుత నిన్న మా ఇంటికచ్చి గిదే ముచ్చట చెప్పిండు. బాపును దింపకుర్రి, నా నౌకరి సంగతి ఇడిసిపెట్టుర్రి అన్నడు. ఇంటిల్లిపాది కూసొని ఒక్క మాట మీదికి అచ్చిండ్రా ఏంది?"

"వాడు నీ దగ్గరికి అచ్చిండా?"

"నీకు ఎరుక లేదా?"

లేదన్నాను. అతను నమ్మలేదు. నమ్మలేదన్నది అతని కళ్ళలోనే కనిపించింది. మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, గని నోటి వైపు కాసేపు చూశాడు.

"నేను మీ మాట నమ్ముతలే వదినె. నమ్ముతున్ననని అబద్ధమాడను. గానీ ఆ పంపు కింద నా మనుషులుంటరు. మీది అబద్ధమని సుత నేను ఒట్టు పెట్టలేను గదా" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "అన్న, ఇయ్యాల నువ్వు పైన్నే కూసో. మేనేజరుతోని నేను మాట్లాడ్త. రేపటి సంగతి రేపు చూద్దాం" అన్నాడు.

మా ఆయన వెళ్ళి దీపాల గది గోడకు ఆనుకుని కూర్చున్నాడు. షిఫ్టువాళ్ళు ఒక్కొక్కరే లోపలికి దిగిపోయారు. నేను గేటు బయటికి వచ్చి మెట్‌పల్లికి ఫోన్ చేశాను. దుకాణంలో బేరాల గోల వినిపిస్తోంది.

"నిన్న సర్దార్ ఇంటికి పోయినవంట. బాపుకు బాగలేదని నీకెట్ల తెల్సు?" అని అడిగాను.

"ప్రతి ఐతారం అడుగుతనే ఉన్న గదా అవ్వా, పాత ముచ్చట్లు. ఏ వారానికి ఆ వారం కొన్ని తక్కువైతున్నయి."

"మరి నాకు ఎందుకు చెప్పలేదురా?"

వాడు ఎవరికో బస్తాల లెక్క చెప్పి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు.

"చెప్పబోతే నౌకరి కోసం అంటున్ననని అంటివి గదా" అన్నాడు.